ఏప్రిల్‌లో పడాల్సిన సూది

17 జూన్ 2020, బుధవారం. ఉలవపాడు.

ఇవాళ బాబుకి తట్టు, రుబెల్లా సూది వేయించాం. తొమ్మిది నెలలు నిండగానే, అంటే ఏప్రిల్‌లోనే పడాల్సింది. టీకా కార్డులో ఆ గడి ఖాళీగా కనిపించినప్పుడల్లా మూసి బీరువాలో పెట్టేసేదాన్ని.

ఎవరైనా అడిగితే ఆటోలు లేవని చెప్పేదాన్ని. నిజమే, కరోనా లాక్‌డౌన్‌తో మార్చి 25 నుంచి బళ్ళే తిరగలేదు. నర్సమ్మేమో ఇంటింటి కరోనా సర్వేలో ఉంది. "పిల్లోడు గడప దాటలేదు గదమ్మా, వాడికి తట్టు యాడ నుంచి వస్తాది?" అనేది మా అత్త. కానీ నన్ను ఆపింది ఇవేవీ కాదు. జ్వరం. మూడున్నర నెలలప్పుడు, ఐదు జబ్బులకి కలిపి వేసే పెంటా సూదికి వాడి ఒళ్ళు రాత్రంతా కాలిపోయింది. ఇప్పుడూ అలాగే కాలితే, సర్వేకి వచ్చినవాళ్ళు "ఇంట్లో ఎవరికైనా జ్వరమా?" అంటే ఏం చెప్పను? బిడ్డని నా దగ్గర నుంచి తీసుకెళ్తారేమోనని వణుకు. ఈ మాట ఆయనతో కూడా అనలేదు.

మొన్న ఆశా అక్క గుమ్మం బయట నిలబడి అడిగితే చెప్పేశాను. ఆమె కోప్పడలేదు. "ఈ వీధిలో ఇదే మాట చెప్పినవాళ్ళలో నువ్వు నాలుగోదానివి. ఈ సూదికి జ్వరం వస్తే వారం పది రోజులకి కాస్త వెచ్చబడతాది. కార్డులో తేదీ ఉంటాది, నాకు ఫోన్ చెయ్యి" అంది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

పది గంటలకి రమ్మన్నారు. సబ్‌సెంటర్ ముందు ముగ్గుపిండితో గళ్ళు గీశారు, గడికొక తల్లి. నర్సమ్మ ఐస్ బాక్సులోంచి సీసా తీసి, పొడిలో మందు నీళ్ళు కలిపి, సీసా మీద పెన్నుతో టైం రాసింది. కలిపాక నాలుగు గంటల్లోపు వాడేయాలట, దాటితే పారేయడమే. కుడి చేతికి సూది, తర్వాత చెంచాతో విటమిన్ ఎ. మాస్కులు చూసి మావాడు సూదికి ముందే ఏడ్చాడు.

టీకాలు ఆగి ఏడాదిలోపు పిల్లలు 8 కోట్ల మంది ప్రమాదంలో ఉన్నారని పోయిన నెల ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ చెప్పాయి. అంత పెద్ద అంకె నా ఊహకి అందలేదు. నా ముందు గడిలో అమ్మాయి చేతిలో కార్డు మాత్రం కనబడింది. బిడ్డకి ఆరో నెల, 14 వారాల గడి ఇంకా ఖాళీ. నీదీ జ్వరం భయమేనా అని అడగాలనిపించింది. అడగలేకపోయాను.

రాత్రి తొమ్మిదైంది. వాడి ఒళ్ళు చల్లగానే ఉంది. ఎదురింటి పాపకీ ఏప్రిల్ సూది పడలేదు. సాయంత్రం వాళ్ళమ్మకి నా భయం గురించే ముందు చెప్పాను. శనివారం వస్తానంది, నన్ను తోడు రమ్మంది.