పీపాలో వేసిన ఉత్తరం

గుయాకిల్ విమానాశ్రయంలో మా అమ్మ కట్టిచ్చిన ఆవాల పొట్లాన్ని సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టినప్పుడు నా మనసు చివుక్కుమంది. పసిఫిక్ సముద్రంలోని గలాపగోస్ దీవులకు వెళ్ళే ప్రతి సంచినీ, ఆ దీవులున్న దేశం ఈక్వెడార్ వాళ్ళు విమానం ఎక్కకముందే తనిఖీ చేస్తారు. పండ్లు, విత్తనాలు, మొక్కలు, బూట్ల అడుగున అంటుకున్న మట్టి, ఏదీ దీవులకు చేరకూడదు. ఆవాలు ఉన్నాయని ఫారంలో మేమే రాసి ఇచ్చాం. ఓడలో పోపు పెట్టుకునే అవకాశం ఎలాగూ లేదు. కానీ క్రితంసారి కాకినాడ నుంచి బయలుదేరేటప్పుడు అమ్మ పాత వార్తాపత్రికలో మడిచి, దారం చుట్టి ఇచ్చిన పొట్లం అది. ఏ ప్రయాణానికి సర్దుతున్నా చేయి దానంతట అదే దాన్ని సంచిలో పెట్టేస్తుంది.

తనిఖీ చేస్తున్న అమ్మాయి ఒక ఆవగింజను వేలి కొసకు అంటించుకుని, "ఇది నాటితే మొలుస్తుందా?" అని అడిగింది. మొలుస్తుందన్నాను. "అందుకే తీసేస్తున్నాను" అంది నెమ్మదిగా. పక్కనే ఉన్న మా పెద్దమ్మాయి నా చేయి పట్టుకుని, "ఆమె చేసింది సరైన పనే అమ్మా" అంది. నిజమే. కానీ పదహారేళ్ళుగా అమెరికాలో, ఒహాయోలో మేం పడుతున్న ఆరాటమంతా, తెచ్చిన గింజ కొత్త నేలలో మొలవాలనే. అది మొలుస్తుందని భయపడే చోటు ఒకటి ఉంటుందని నాకు అంతవరకూ తోచలేదు.

ఈ ప్రయాణం పెద్దదాని కోరిక. దానికి పదమూడేళ్ళు. పక్షులంటే ప్రాణం. చూసిన ప్రతి పిట్టనూ తేదీతో సహా పుస్తకంలో రాసుకుంటుంది. ఏడాది విడిచి ఏడాది వేసవిలో కాకినాడ వెళ్ళడం మా ఇంటి ఆనవాయితీ. "ఈసారి కాకినాడ వద్దు, గలాపగోస్ వెళ్దాం" అని అది అన్నప్పుడు రెండు రాత్రులు నాకు నిద్ర పట్టలేదు. అమ్మ ఇంట్లో వేసవి గడపడం దానికి బరువైపోయిందా అని బాధపడ్డాను. అమ్మకు ఫోన్ చేసి చెప్పలేక చెప్పాను. "పిల్ల అడిగిందే పిట్టల్ని చూపించమని. తీసుకెళ్ళు. నేనెక్కడికి పోతాను?" అంది అమ్మ. కాకినాడ టిక్కెట్లకని దాచిన డబ్బుకు ఇంకొంత కలిపి, నిరుడు జూలైలో బయలుదేరాం. దీవుల్లోని జాతీయ పార్కు ప్రవేశ రుసుమే 2024 ఆగస్టు నుంచి విదేశీయులకు 200 డాలర్లయింది, పన్నెండేళ్ళలోపు పిల్లలకు 100. పెద్దదానికి పూర్తి రుసుము, ఎనిమిదేళ్ళ మా చిన్నవాడికి సగం కట్టాం.

మా ఓడ చిన్నది. పదహారుమంది ప్రయాణికులు, ఒక గైడు. అక్కడ ఏ ఓడా వందమందికి మించి ఎక్కించుకోకూడదు. పదహారుమందికి ఒక గైడు తప్పనిసరి. ఏ ఓడ ఏ రోజు ఏ రేవులో ఆగాలో కూడా పార్కువాళ్ళే నిర్ణయిస్తారు. దీవుల నేలలో 97 శాతం జాతీయ ఉద్యానవనమే మరి. ఓడ దూరంగా లంగరు వేస్తుంది, అక్కడి నుంచి పంగా అనే గాలి పడవలో ఒడ్డుకు చేరాలి. భూమధ్యరేఖ మీద ఉన్నామన్న మాటే గానీ, జూలైలో దక్షిణం నుంచి వచ్చే హంబోల్ట్ చల్లని ప్రవాహం వల్ల పొద్దున్నే మంచు తుంపర, నీళ్ళలో దిగితే వణుకు. మొదటి రెండు రోజులు మా ఆయన సముద్రపు కుదుపులకు మంచం దిగలేదు.

ఒక విషయం నన్ను బాగా ఆలోచింపజేసింది. గైడు రోజుకు పది నియమాలు చెప్పేవాడు: జంతువుకు రెండు మీటర్ల దూరంలో ఉండాలి, దారి దాటి అడుగు వేయకూడదు, గవ్వ కూడా తీసుకోకూడదు. కానీ "ఎందుకు" అని పిల్లలు అడిగితే ఒక్కసారి కూడా "అంతే" అనలేదు. నేను ఎన్నిసార్లు అన్నానో! గడప మీద కూర్చోవద్దు, ఎందుకు? అంతే. పుస్తకానికి కాలు తగిలితే దండం పెట్టు, ఎందుకు? అంతే. ఇండియాలో మా చుట్టూ పదిమంది అదే పని చేస్తుండేవారు గనుక మాకు కారణం అక్కర్లేకపోయింది. ఒహాయోలో పెరిగే పిల్లకు ఆ పదిమంది లేరు. వాళ్ళ స్థానంలో కారణం ఉండాలి. అది చెప్పే ఓపిక నాకు ఉండాలి.

ఎస్పన్యోలా దీవిలో సముద్ర సింహాలు ఇసుకలో వరసగా పడుకుని ఉన్నాయి. పిల్ల ఒకటి లేచి, తడి మీసాలు ఊపుకుంటూ తిన్నగా మా చిన్నవాడి దగ్గరకు వచ్చి వాడి కాలివేళ్ళు వాసన చూసింది. దాని ముక్కు రంధ్రాలు మూసుకుని తెరుచుకోవడం కూడా కనిపిస్తోంది. వాడు చేతులు వెనక్కి కట్టుకుని, ఊపిరి బిగబట్టి, కొయ్యబారిపోయాడు. ముట్టుకోకూడదు, తల్లి తన బిడ్డను గొంతుతోనూ వాసనతోనూ గుర్తు పడుతుంది. మన చేతి వాసన అంటితే ఆ గుర్తుకు అడ్డు రావచ్చునని గైడు ముందే చెప్పాడు. ఇంతలో నీళ్ళలోంచి ఒక తల్లి అరుస్తూ వచ్చింది. ఒడ్డున ఉన్న పిల్లలన్నీ తలలెత్తాయి. ఆకలితో ఉన్న వేరే పిల్ల ఒకటి దగ్గరకు పోబోతే పళ్ళు చూపించి తోలేసింది. మా చిన్నవాడి దగ్గరున్న పిల్ల మాత్రం ఒక్క పరుగు తీసి, బదులు అరుస్తూ వెళ్ళి పొట్టకు అతుక్కుపోయింది. "నువ్వు ఎయిర్‌పోర్టులో 'ఒరేయ్ నాన్నా' అని పిలిస్తే మేం ఇద్దరమే వెనక్కి తిరుగుతాం కదమ్మా, అలాగ" అన్నాడు వాడు. వాడిని గట్టిగా దగ్గరకు తీసుకున్నాను.

అసలు చెప్పాలనుకున్నది దీనికి రెండు రోజుల ముందు, సాంటా క్రూజ్ దీవి ఎగువ అడవిలో మొదలైంది. అక్కడ స్కలేసియా అనే చెట్లు ఉంటాయి. పొద్దుతిరుగుడు, చామంతి కుటుంబానికి చెందినవే గానీ మానుల్లా పెరిగాయి. ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. వాటి కింద ముళ్ళ పొద ఒకటి మొలకను పైకి రానీయకుండా నేలంతా అల్లుకుపోయింది. దీవుల్లో ఉన్నవాటిని మూడు రకాలుగా చెబుతారని గైడు వివరించాడు. ఇక్కడే రూపు మారి, ఇక్కడ తప్ప ఎక్కడా లేనివి. గాలితోనో, సముద్రంతోనో, రెక్కలతోనో తమంతట తాము వచ్చినవి. మనిషి తెచ్చినవి. స్కలేసియా మొదటి రకం. ఈ ముళ్ళ పొద మూడో రకం, పండ్ల కోసం తెచ్చారు. "ఇది ఆసియాది. దీన్ని మైసూర్ రాస్ప్‌బెర్రీ అని కూడా అంటారు. అడవిని చంపేస్తున్నది ఇదే" అన్నాడు. మైసూర్ అన్న మాట వినగానే మా పెద్దది నా వైపు చూసింది. కాసేపటికి వెనకబడి నా పక్కన నడుస్తూ అడిగింది: "అమ్మా, నేను ఏ రకం?"

నేను తడబడ్డాను. మనుషులకు ఆ లెక్కలు వర్తించవని ఏదో అన్నాను. దానికి అది జవాబు కాదు, నాకూ తెలుసు. బడిలో ఎవరో దాన్ని ఏదో అని ఉంటారు. ఇలాంటి ప్రశ్న పదమూడేళ్ళ పిల్లకు ఊరికే రాదు. తర్వాత భోజనాల దగ్గర గైడును అదే అడిగింది. అతను దీవిలోనే పుట్టాడు, అమ్మానాన్నలు ఈక్వెడార్ కొండప్రాంతం నుంచి వచ్చారు. "నా పుస్తకం ప్రకారం ఇక్కడి మనుషులందరూ మూడో రకమే, నాతో సహా. అయినా ఈ దీవి నాదే. అందుకే దీన్ని కాపాడే పనిలో ఉన్నాను" అన్నాడు. పెద్దది చాలాసేపు తల దించుకుని అన్నం కలుపుతూ ఉండిపోయింది.

మరుసటి రోజు అదే దీవిలోని ప్వెర్టో అయోరా ఊళ్ళో తాబేళ్ళ పెంపక కేంద్రానికి వెళ్ళాం. గుడ్లను పొదిగించి, పిల్లలను నాలుగైదేళ్ళు అక్కడే సాకుతారు. డొప్ప గట్టిపడి ఎలుకల బెడద దాటాక ఏ దీవివాటిని ఆ దీవిలో వదులుతారు. డొప్పల మీద రంగుతో అంకెలు వేసిన అరచేయంత పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. అక్కడే డియేగో కథ విన్నాం. ఎస్పన్యోలా జాతిలో ఒకప్పుడు దీవి మొత్తం గాలిస్తే దొరికినవి 14 తాబేళ్ళు. అప్పటికే దశాబ్దాలుగా శాన్ డియేగో జంతుప్రదర్శనశాలలో ఉన్న ఒక మగదాన్ని 1970ల్లో వెనక్కి తెచ్చారు. అదే డియేగో. తర్వాత పుట్టిన సుమారు 2,000 పిల్లల్లో 40 శాతం దాకా దాని సంతానమే. 2020 జూన్‌లో మిగిలినవాటితో పాటు దాన్ని కూడా ఎస్పన్యోలాలో వదిలేశారు.

నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. "చూశావా, ఎంత దూరం పోయినా తన నేలకు తిరిగి వచ్చింది, తన జాతిని నిలబెట్టింది" అన్నాను దానితో. నా ఉద్దేశం దానికి అర్థం కాకుండా ఎలా ఉంటుంది? "డియేగోను ఎవరో ఎత్తుకెళ్ళారమ్మా. నన్ను ఎవరూ ఎత్తుకెళ్ళలేదు. నేను పుట్టిందే అక్కడ. నేను తిరిగి రావడానికి ముందు ఎక్కడి నుంచి వెళ్ళాను?" అంది. గొంతు వణికింది. ఆపైన ఇంకో మాట కూడా చెప్పింది. మిగతా పిల్లల్లో చాలా భాగానికి తండ్రి పేరు కూడా పెట్టని ఇంకో మగ తాబేలు, దాన్ని ఈ5 అని మాత్రమే అంటారట. అది దీవి నుంచి దొరికిన పద్నాలుగింటిలోది. "దాని గురించి ఎవరూ చెప్పుకోరు" అంది. నాకు మా అన్నయ్య గుర్తొచ్చాడు. అమ్మను చూసుకుంటూ కాకినాడలోనే ఉండిపోయిన అన్నయ్య. రెండేళ్ళకోసారి వచ్చే నాకు వీధి వీధంతా స్వాగతం పలుకుతుంది. మందుల చీటీ పట్టుకుని రోజూ వెళ్ళేవాడిని ఎవరూ పలకరించరు.

ఆ రాత్రి డెక్ మీద ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. పగలంతా ఓడ వెంట ఎగిరిన ఫ్రిగేట్ పక్షుల గురించి పుస్తకంలో రాసుకుంటోంది. రాయడం ఆపి, "నేను రెండో రకం" అంది. "పెద్ద ఫ్రిగేట్ పక్షి ఇక్కడా గూడు కడుతుంది, హిందూ మహాసముద్రం దీవుల్లోనూ కడుతుంది. రెండు చోట్లా అది పూర్తి పిట్టే. ఇక్కడ సగం, అక్కడ సగం అని ఎవరూ అనరు." ఆ పక్షి ఈకలు నీళ్ళకు తడిసిపోతాయని, అందుకే సముద్రం మీద వాలలేదని, వారాల తరబడి ఎగురుతూనే ఉంటుందని గైడు చెప్పిన మాట నా తలలో తిరుగుతోంది. పైకి అనేశాను: "మరి ఎక్కడా వాలకుండా అలసిపోదా తల్లీ?" దానికి కోపం రాలేదు. "గూడు ఉంటుంది కదమ్మా" అంది, మళ్ళీ రాసుకోవడంలో పడిపోయింది.

ఫ్లోరియానా దీవిలో ఒక రేవు ఉంది. 18వ శతాబ్దం చివర్లో తిమింగలాల వేటకు వచ్చిన ఓడలవాళ్ళు అక్కడ ఒక పీపా పెట్టారు. ఏళ్ళ తరబడి ఇళ్ళకు దూరమైనవాళ్ళు అందులో ఉత్తరాలు వేసేవారు. ఆ ఊరివైపు తిరిగి వెళ్ళే ఓడ ఏదైనా తగిలితే అవి ఇల్లు చేరేవి. ఇప్పటికీ అలాగే జరుగుతోంది. స్టాంపు ఉండదు. గైడు పీపాలోని కార్డులు బయటికి తీసి చిరునామాలు చదువుతాడు. మన ఊరికి దగ్గర్లోది ఉంటే తీసుకెళ్ళి స్వయంగా ఇవ్వాలి. మా ఇంటికి గంట దూరంలో ఉన్న ఒక ఊరి కార్డు దొరికింది, చిన్నవాడు దాన్ని చొక్కా లోపల దాచుకున్నాడు.

పెద్దది ఒక రాతి మీద కూర్చుని కార్డు రాసింది. అమ్మమ్మకు. మొత్తం తెలుగులో, చిరునామాతో సహా. "అమమ్మా, ఇక్కడ పిట్టలకు మనుషులంటే భయం లేదు. నీ ఆవాలు తీసేసుకున్నారు. నేను వచ్చే వేసవికి వస్తాను." మకు ఒత్తు పెట్టడం మరిచిపోయింది. నేను దిద్దలేదు. చిరునామా ఒక్కటైనా ఇంగ్లీషులో రాయమన్నాను, ఇక్కడికి వచ్చేవాళ్ళలో తెలుగు చదవగలిగేవాళ్ళు ఎవరుంటారు అని. అది నన్ను వింతగా చూసింది. "చదవగలిగినవాళ్ళే కదమ్మా కాకినాడ వెళ్తారు?" అంది. కార్డును పీపాలో వేసి, చేయి లోపలికంటా పెట్టి, మిగతావాటి అడుగున పడకుండా పైకి సర్దింది.

వచ్చాక ఒక శనివారం చిన్నవాడి కార్డు ఇవ్వడానికి వెళ్ళాం. తలుపు తీసిన పెద్దాయన కార్డు తిప్పి చూసి, మనవడి చేతిరాత గుర్తుపట్టి, గుమ్మంలోనే కూర్చుండిపోయారు.

మా కార్డు ఇంకా కాకినాడ చేరలేదు. ప్రతి ఆదివారం ఫోన్‌లో పెద్దది, "ఎవరైనా వచ్చారా అమ్మమ్మా?" అని అడుగుతుంది. పోయినవారం అమ్మ చెప్పింది, ఈమధ్య మధ్యాహ్నాలు వీధి గేటుకు గొళ్ళెం పెట్టడం లేదట. "అంత దూరం నుంచి ఉత్తరం తెచ్చే మనిషి, ఎవరూ లేరనుకుని వెనక్కి వెళ్ళిపోకూడదు కదే. కాఫీ డికాక్షన్ కూడా కొంచెం ఎక్కువే వేస్తున్నాను" అంది.