నాగావళి ఇసుకలో గొట్టం: నాలుగోసారీ నది నీరే

ఆదివారం శ్రీకాకుళానికి ఎగువన నాగావళి ఇసుక మేట మీద ఆరు గంటలు గడిపాను. పంపు గొట్టంతో ఇది నాలుగో ప్రయత్నం. ఇసుక అడుగున చీకట్లో బతికే జీవుల నీరు తోడుతున్నాననుకుంటూ మళ్లీ పైన పారే నీటినే వడగట్టాను. రాత్రి నిద్ర పట్టలేదు.

గొట్టం అంగుళం జీఐ పైపు, నాలుగడుగులు. కొస మొనదేలి మూసి ఉంటుంది. దాని పైన 15 సెంటీమీటర్ల మేర 5 మిల్లీమీటర్ల రంధ్రాలు వేయించాను. బూ, రూష్ అనే ఇద్దరు ఫ్రెంచివారు 1967లో వివరించిన పంపుకు ఇది నకలు. చీలమండ లోతు నీటిలో నిలబడి దాన్ని మీటరు లోతుకు దిగగొట్టాను. టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) మొదటి రెండు లీటర్లలో 305 ఉంది. నాలుగో లీటరుకు 240, ఆరో లీటరుకు 168. నదిలో 142, అంటే తోడేకొద్దీ నది నీరే వస్తోంది. ఉష్ణోగ్రత కూడా 28.1 డిగ్రీల దగ్గర మొదలై 30.6కు ఎక్కింది, నది నీరు 31.2. వలలో పడినవీ అదే చెప్పాయి: ఎర్రని ఈగ లార్వాలు, నల్లటి కంటిచుక్కతో డాఫ్నియాలు (నీటి ఈగలనే చిన్న జీవులు). వెలుగే చేరని చోట బతికే జీవికి అంత నల్లని కన్ను ఎందుకుంటుంది?

మొదట కీళ్ల దగ్గర గాలి లాగుతోందనుకున్నాను. టెఫ్లాన్ టేపు తీసేసి, ప్లంబర్లు చుట్టే దారం, పెయింటు వాడాను (టేపు కంటే అదే నయం). బుడగలు ఆగాయి, అంకెలు మాత్రం మారలేదు. తర్వాత గొట్టం చుట్టూ బంకమట్టి మెత్తి, దాని మీద రెండడుగుల వెడల్పున ట్రాక్టరు ట్యూబు రబ్బరు పరిచాను. ఈసారి 168 ఆరో లీటరుకు కాక ఎనిమిదో లీటరుకు వచ్చింది. నిమిషానికి నలభై సార్లు కొట్టే పంపును పదిహేనుకు తగ్గిస్తే తొమ్మిదో లీటరు దాకా ఆగింది. నా అనుమానం సుత్తి దెబ్బల మీదే. గొట్టం ఊగినప్పుడల్లా చుట్టూ సన్నని సందు ఏర్పడి, నది నీరు దాని వెంట నేరుగా రంధ్రాలలోకి దిగుతోంది.

పక్కనే ఇసుకలో తవ్విన చెలమ మాత్రం మొదటిసారే పలికింది: మూడు కోపెపాడ్లు, ఒక బాతినెల్లిడ్. రెండూ రొయ్యల బంధువులైన అతి చిన్న జీవులు. పుస్తకాల్లో కరామన్–షాపూయీ పద్ధతి అని రాసేది మన చెలమ తవ్వడమే. ఆ బాతినెల్లిడ్ పొడవు మిల్లీమీటరు. తెల్లని నూలుపోగు ముక్కలా ఉంది, కళ్లు లేవు. ఇసుక రేణువు అంచు పట్టుకుని ఒళ్లు వంచి అవతలికి పాకుతుంటే లోపలి పేగు కూడా కనిపించింది. ఫోల్డ్‌స్కోపు (మడిచే కాగితపు మైక్రోస్కోపు) 140 రెట్లు పెద్దదిగా చూపుతుంది కానీ, కదిలే ప్రాణిని వెంబడించాలంటే ఇరవై, నలభై రెట్ల స్టీరియో మైక్రోస్కోపే సుఖం. ఫొటోలు తీసి, దాన్ని అదే చెలమలో వదిలి ఇసుక పూడ్చేశాను.

చెలమ పలుకుతుండగా గొట్టం కోసం ఇంత పట్టుదల దేనికంటే, చెలమ తవ్విన చోట గజం మేర వాటి ఇల్లు తలకిందులవుతుంది. గొట్టం అంగుళం మేరే గుచ్చుకుంటుంది. పైగా బాతినెల్లిడ్లకు ఈదుతూ దూరాలకు చేరే లార్వా దశ లేదు. ఒక మేటలో పోయినవి పక్క మేట నుంచి రావడం కష్టం. అవతలి ఒడ్డున ఇసుక తవ్విన గుంతలు చూసినప్పుడల్లా గుండె కలుక్కుమంటుంది. పల్నాడులోని గుత్తికొండ బిలంలో దొరికిన, రొయ్యల బంధువైన కళ్లులేని జీవి ఆంధ్రకాయిడిస్‌కు శాస్త్రవేత్తలు 2011లో పేరు పెట్టారు. గుహకు కనీసం ముఖద్వారం ఉంది, ఇసుక కింద ఉన్నదాన్ని ఎవరు చూస్తారు?

వచ్చే ఆదివారం గొట్టం ఇసుకలోకి దిగే చోట, దాని చుట్టూ బియ్యం కడిగిన నీళ్లు పోస్తాను. పంపు నాలుగుసార్లు కొట్టేలోపే తెల్లగా వస్తే సందు ఉన్నట్టే, ఎందుకంటే మీటరు ఇసుక ఆ తెలుపును వడగట్టేయాలి. సందే దోషి అయితే గొట్టం ఊగకుండా దిగేందుకు మూడు కాళ్ల ఇనుప చట్రం చేయిస్తాను. టీడీఎస్ 290కి దిగగానే తోడటం ఆపేస్తాను, రెండు లీటర్లే వచ్చినా సరే. ఆ తర్వాత వంశధార. అక్కడికి వెళ్లే ముందు వలా గొట్టమూ వేడినీళ్లలో కడిగి రెండు రోజులు ఎండలో ఆరబెట్టాలి, ఒక నది జీవి ఇంకో నదిలోకి నా చేతులమీదుగా పోకూడదు.