అజ్రఖ్‌పూర్‌లో ముగ్గు వేశాను

సంక్రాంతి వెళ్లిన వారానికి గుజరాత్‌లోని భుజ్‌లో రైలు దిగాను. సంచిలో ఆరు నెలలుగా గీసుకున్న డిజైన్లు ఉన్నాయి. హైదరాబాద్‌లో నాది చిన్న బొటీక్. మా అమ్మమ్మ వాళ్లది పెడన దగ్గర ఊరు. సెలవుల్లో కలంకారీ అద్దకం చూస్తూ పెరిగాను. పెడన హంసను కచ్ ప్రాంతపు అచ్చు అద్దకమైన అజ్రఖ్‌లో అద్దించి దుపట్టాలు చేయించాలన్న కోరికతోనే బయల్దేరాను.

భుజ్ నుంచి అజ్రఖ్‌పూర్ ఆటోలో అరగంట. 2001 భూకంపం తర్వాత పుట్టిన ఊరిది. అంతకుముందు అజ్రఖ్ అద్దే ఈ ఖత్రీ కుటుంబాలు ధమడ్కా అనే ఊళ్లో ఉండేవి. భూకంపం తర్వాత అక్కడి నీళ్లలో ఇనుము పెరిగిపోయింది. కరక్కాయ పట్టించిన గుడ్డకి ఇనుము తగిలితే నల్లబడుతుంది. పెడనలోనైనా, ఇక్కడైనా నలుపు వచ్చేది ఆ కిటుకుతోనే. కానీ గుడ్డ ఉతికే నీళ్లలోనే ఇనుముంటే ఏ రంగూ తేటగా నిలవదు. అందుకే చాలా కుటుంబాలు మంచి నీళ్లు వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చేశాయి.

నేను వెళ్లిన కార్ఖానాలో పెద్దాయన్ని అందరూ చాచా అంటున్నారు. నేనూ అలాగే పిలిచాను. సాసర్లో చాయ్ పోసిచ్చి నా హంస బొమ్మను చాలాసేపు చూశారు.

"బేటీ, ఇది ఎటు చూస్తోంది?"

"కుడివైపు, చాచా."

ఆయన కాగితాన్ని వెనక్కి తిప్పి వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు. హంస ఎడమవైపు చూస్తోంది. మేలురకం అజ్రఖ్‌ని గుడ్డకి రెండు వైపులా అద్దుతారు. ముందువైపు అచ్చు పడిన చోటే వెనకవైపు అచ్చు కూడా సరిగ్గా కూర్చోవాలి. అజ్రఖ్‌లో నక్షత్రాలు, గళ్లు, అటూ ఇటూ ఒకేలా ఉండే పువ్వులు ఎక్కువ కనిపించడానికి ఇదీ ఒక కారణమని నాకు అప్పుడు తట్టింది. హంస కావాలంటే ప్రతి అచ్చుకీ ఎదురు అచ్చు చెక్కించాలి.

రెక్కల్లో నేను గీసిన సన్నని తెల్లగీతలు ఇంకో చిక్కు. అజ్రఖ్‌లో తెలుపు అంటే విడిగా వేసే రంగు కాదు. సున్నం, బంక కలిపి అద్ది, రంగు అంటకుండా కాపాడుకున్న చోటే తెలుపు. గీత మరీ సన్నమైతే నీలిమందు తొట్టిలో ముంచగానే పక్కల నుంచి రంగు పాకేస్తుంది. ఆరు నెలల కష్టం ఒక్క చాయ్ తాగేలోపు చేజారిపోయిందనిపించింది. మార్చికల్లా ఇస్తానని ఇద్దరు కస్టమర్లకి మాటిచ్చాను కూడా. చాలా టెన్షన్ పడ్డాను.

ఆ రోజంతా ఇంకేం మాట్లాడకుండా పని చూస్తూ కూర్చున్నాను. ఒక మూల పీపాలో పాత ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో నానుతున్నాయి. వారాల తరబడి అలా పులిసిన నీళ్లకి చింతగింజల పిండి కలిపి చిక్కబరిస్తే నలుపుకి అద్దే ముద్ద తయారు. పటిక అద్దిన చోట ఎరుపు వస్తుంది. అద్దే పిల్లాడు ఎడమ చేత్తో పాత అచ్చు అంచుని తడిమి చూసి, పక్కనే కొత్తది ఆనించి, పిడికిలితో ఒక్క పోటు వేస్తున్నాడు. ఆ చప్పుడు వింటుంటే అమ్మమ్మ ఊరే గుర్తొచ్చింది.

సాయంత్రం వాకిట్లో ఇసుక మీద ఊరికే చుక్కలు పెట్టాను. పండగ వెళ్లి వారమే కదా, చెయ్యి ఆగలేదు. ఏడు చుక్కలు, ఏడు వరుసలు. మెలికల ముగ్గు వేశాను. చాచా కొడుకు వచ్చి చూసి, ఫోన్‌లో ఫొటో తీసి, ఎడమ కుడికి తిప్పి చూపించాడు. "దీదీ, ఇది బాగుంది కానీ తిప్పితే మెలికలు ఎదురు తిరుగుతున్నాయి. అటూ ఇటూ ఒకేలా ఉండేది ఉందా?" చెరిపేసి, మా అమ్మ గురువారాలు వేసే తామరపువ్వు ముగ్గు వేశాను. ఎటు తిప్పినా అదే పువ్వు.

అతను సోమయ్య కళా విద్యలో ఏడాది కోర్సు చదివాడు. అమెరికా నుంచి వచ్చి కచ్‌లో దశాబ్దాలు పనిచేసిన జూడీ ఫ్రేటర్ మొదలుపెట్టిన చదువు అది. 2005లో కళారక్షా విద్యాలయ, 2014లో సోమయ్య కళా విద్య. రంగుల కూర్పు, డిజైన్, మార్కెట్, అన్నీ చేతిపనివాళ్లకే నేర్పుతారు. డిజైన్ బయటి నుంచి రావాలి, వీళ్లు చేతులు ఆడించాలి అనే పద్ధతికి ఎదురు నిలిచిన చదువు. నేను కూడా ఇన్నాళ్లూ ఆ పద్ధతిలోనే ఆలోచించానని, "పని ఇస్తున్నాను" అనే మాట ఎన్నోసార్లు వాడానని ఆ రాత్రి గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. ఇదే ఊరి అజ్రఖ్ కళాకారుడు ఇస్మాయిల్ ఖత్రీకి 2003లో ఇంగ్లండ్‌లోని డి మాంట్‌ఫోర్ట్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. అలాంటి ఊళ్లో నేను ఇచ్చేదేమిటి?

మర్నాడు అతను గ్రాఫ్ కాగితం మీద నా తామరని మళ్లీ గీశాడు. గీతలు లావు చేశాడు. మధ్య చుక్కల్ని తెల్లగా వదిలేసి, అంచుకి వాళ్ల తాత ముత్తాతల నక్షత్రం కలిపాడు. నాకైతే ఆ ఆలోచనే వచ్చేది కాదు. డిజైన్ ఇద్దరిదీ అని కాగితం రాసుకున్నాం. ట్యాగు మీద రెండు పేర్లూ ఉంటాయి. ధర అతనే చెప్పాడు, నేను బేరమాడలేదు. అచ్చులు గుజరాత్‌లోనే పేథాపూర్ అనే ఊళ్లో చెక్కాలి, ఆపైన అద్దకానికి వారాలు పడుతుంది. మార్చి కుదరదని కస్టమర్లకి అక్కడి నుంచే ఫోన్ చేసి చెప్పాను. ఒకామె ఆగుతానంది, ఇంకొకామె ఆర్డర్ వదులుకుంది.

బయల్దేరే ముందు చాచా తన పాత నోట్‌బుక్ తెచ్చారు. ఇంట్లో ఉన్న ప్రతి అచ్చుకీ అందులో ఒక పేరుంది. "దీన్ని మీ భాషలో ఏమంటారు?" అని అడిగారు. చెప్పాను. రెండుసార్లు పలికించుకుని, గుజరాతీ అక్షరాల్లో "ముగ్గు" అని రాసి, పక్కన ఏడు చుక్కలు పెట్టారు.