ఏడో ఫైరింగ్: నల్లబడిన కైలిక్స్ మళ్ళీ ఎర్రబడింది

నిన్న పొద్దున్నే కిల్న్ (ఆవం) తెరిచాను. లోపల ప్రాచీన గ్రీకు పద్ధతిలో కాల్చిన కైలిక్స్, అంటే రెండు పిడులున్న ద్రాక్షసారా కప్పు. కప్పు పగల్లేదు, పిడులు రెండూ గట్టిగా ఉన్నాయి, మూడు వెంట్రుకల కుంచెతో గీసిన ఉబ్బెత్తు గీతలు మొదటిసారి శుభ్రంగా నిలిచాయి. ఈ పద్ధతిలో పొగ పెడితే కప్పంతా నల్లబడుతుంది. తర్వాత గాలి వదిలితే పూత లేని చోటు ఎర్రబడాలి, కరిగి మూసుకుపోయిన మట్టి పూత నల్లగానే మిగలాలి. నా నలుపు మాత్రం నిలవలేదు. 19 సెంటీమీటర్ల కైలిక్స్‌లో గాలి కన్నం వైపున్న సగం ఇటుక రంగుకు వచ్చేసింది. మిగతా సగం నల్లగానే ఉంది కానీ మెరుపు లేదు, పెనం అడుగున పట్టిన మసిలా ఉంది. చాలా బాధేసింది.

ఈసారి లెక్కలివి. 800 డిగ్రీల దాకా ఆరు గంటలు, గాలి బాగా ఆడనిచ్చాను. అక్కడి నుంచి 945 దాకా పొగ: 200 గ్రాముల రంపపు పొట్టు పొట్లాలు ఐదు, డ్యాంపర్ (పొగ బయటికి పోయే దారి మూత) పూర్తిగా మూసి. 945 దగ్గర 25 నిమిషాలు ఆపాను. 890కి దిగాక గాలి వదిలి 35 నిమిషాలు ఉంచాను.

మొదట సగం గెలిచాననే అనుకున్నాను. కప్పు తిరగేసి చూస్తే నల్లగా మిగిలిన వైపు పాదం అడుగు ఇంకా బూడిద రంగులోనే ఉంది. అంటే అటు గాలే సరిగ్గా చేరలేదు. నలుపు నిలిచింది పూత మూసుకుపోవడం వల్ల కాదు, ఆక్సిజన్ తగలకపోవడం వల్ల. అనుమానం తీరడానికి ఆ నలుపు మీద నీటి చుక్క వేశాను. పన్నెండు సెకన్లలో ఇంకిపోయింది. అంచు నుంచి చిన్న పెంకు విరిచి టెస్ట్ కిల్న్‌లో 850 దగ్గర అరగంట గాలిలో కాల్చాను. మొత్తం ఎర్రబడింది. పూత కరిగి గాజులా మూసుకుపోనేలేదన్నమాట.

ఎందుకు? మొదటి అనుమానం వేడి మీద. పై అరలో ఆర్టన్ కంపెనీ 08 కోన్ (తగినంత వేడి తగిలితే మెత్తబడి వంగే చిన్న సూచిక) వంగింది, కింది అరలో అదే కోన్ నిటారుగా నిలబడింది. కప్పు ఉన్నది కింద, థర్మోకపుల్ (వేడి కొలిచే సాధనం) ఉన్నది పైన. (పొగబెట్టే ఫైరింగ్‌లో ఇనుము లేని కోన్లే వాడండి. మామూలు ఎర్ర కోన్లు పొగలో తప్పుదారి పట్టిస్తాయి. ఖరీదు ఎక్కువైనా ఆర్టన్‌వే కొంటాను.)

రెండోది, నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది, పూతలోని రేణువుల సన్నదనం. ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) మట్టి రేణువు నీళ్ళలో రోజుకు సుమారు 8 సెంటీమీటర్లు దిగుతుంది. అర మైక్రాన్‌దైతే 2 సెంటీమీటర్లే. నేను 24 గంటలు తేర్చి పైనున్న 12 సెంటీమీటర్లు తోడేశాను. అంటే 1.2 మైక్రాన్ల రేణువులు కూడా పూతలోకి వచ్చేశాయి. నాకు కావలసింది అర మైక్రాన్. ఏథెన్స్ కుమ్మరులు నల్ల రంగేమీ కొనలేదు. ఇనుమున్న మట్టినే తేర్చి తేర్చి అంత సన్నం చేశారు. ఈ కిటుకును 1942లో జర్మనీలో థియోడర్ షూమాన్ మళ్ళీ పట్టుకున్నాడు. రెడీమేడ్ నల్ల గ్లేజ్ పూసి గ్రీకు కుండ అనడం నాకు నచ్చదు. ఆ కుండ అందమంతా ఒకే మట్టి రెండు రంగులు కావడంలో ఉంది.

మూడో అనుమానం మట్టి మీదే. అట్టిక్ (ఏథెన్స్ ప్రాంతపు) పూతలో పొటాషియం ఉన్న ఇల్లైట్ అనే మట్టి ఖనిజం ఉంటుంది, అదే తక్కువ వేడికి కరగడానికి సాయపడుతుంది. వరంగల్ దగ్గర మా అమ్మమ్మ ఊరి నుంచి తెచ్చుకున్న ఎర్రమట్టిలో బహుశా కయొలినైట్ అనే ఇంకో ఖనిజం ఎక్కువ. అది అంత తొందరగా కరగదు. అందుకే మట్టి రేణువుల్ని విడదీసే సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ మానేసి కట్టె బూడిద తేట వాడుతున్నాను. రేణువులు విడిపోవడం నిదానమే అయినా పొటాష్ కూడా అందుతుంది.

గాలి కన్నం పక్కకు ఉండటం కూడా తప్పే. గ్రీసులో కోరింథ్ దగ్గర పెంటెస్కూఫియాలో దొరికిన క్రీ.పూ. 6వ శతాబ్దపు మట్టి పలకల మీద ఒక కుమ్మరి నిచ్చెనెక్కి, పొడవాటి కొక్కెంతో ఆవం పైకన్నాన్ని సర్దుతుంటాడు. థర్మోకపుల్ లేకుండా, మంట రంగు చూసి! మ్యూనిక్‌లో ఉన్న, ప్రాచీన ఏథెన్స్ కుమ్మరి ఎక్సెకియాస్ చేసిన కైలిక్స్ ఫొటో నా బల్ల మీదే ఉంటుంది. ఆ మెరుపు చూసినప్పుడల్లా ఆ మనుషుల మీద గౌరవం పెరుగుతుంది.

ఎనిమిదోసారి కప్పును పై అరలో పెడతాను, గాలి పైనుంచి వదులుతాను. కన్నం పెట్టిన పూత పెంకులు ఆరు తయారుచేసి, ఒక్కో దశలో ఒకటి కమ్మీతో బయటికి లాగి చూస్తాను. ఏథెన్స్ కుమ్మరులు చేసిందీ అదే. పాత కుమ్మరి ఆవముల దగ్గరి చెత్తలో అలాంటి పెంకులు దొరికాయి. అది కుదిరితే చిన్న లెకిథోస్ (గ్రీకు నూనె కూజా) మొదలుపెడతాను.

కొత్త పూత సీసా సోమవారం సాయంత్రం ఆరింటికి అటక మీద పెట్టాను. శుక్రవారం ఆరింటి దాకా దాన్ని ఎవరూ కదపకూడదు. పైనుంచి 8 సెంటీమీటర్ల దగ్గర టేపు అంటించాను. అంతవరకే తోడతాను.