దివాలా తీసిన తల్లి కంపెనీ, నిలదొక్కుకున్న పంపిణీ వ్యాపారం: ఇంటర్నాషియో-ముల్లర్ నుంచి ఐఎంసీడీ దాకా

2015 ఆగస్టు 13న నెదర్లాండ్స్‌లో రాయల్ ఇమ్‌టెక్ కంపెనీ దివాలా తీసినట్టు కోర్టు ప్రకటించింది. అప్పటికి ఆ గ్రూపులో 20 వేల మందికి పైగా పనిచేస్తున్నారు. 14 ఏళ్ల ముందు అదే కంపెనీ తన దారికి పనికిరాదనుకుని రసాయనాల పంపిణీ విభాగాన్ని అమ్మేసింది. ఆ విభాగం పేరు ఐఎంసీడీ. తల్లి కంపెనీ మూతపడే నాటికి ఐఎంసీడీ ఆమ్‌స్టర్‌డామ్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో లిస్టయి ఏడాది దాటింది. హైదరాబాద్‌లో మందులు తయారుచేసే ఫార్ములేషన్ కంపెనీల్లో పర్చేజ్‌లోనో, ఆర్ అండ్ డీలోనో ఉన్నవాళ్లకు ఈ పేరు పరిచయమే. దాని పుట్టుపూర్వోత్తరాలు తెలిసినవాళ్లు మాత్రం తక్కువ. అవి తెలిస్తే స్పెషాలిటీ కెమికల్స్ పంపిణీ అనే వ్యాపారం దేనిమీద నిలబడుతుందో బాగా అర్థమవుతుంది.

పేరులోని మొదటి రెండక్షరాలు రెండు పాత వర్తక సంస్థలవి. ఒకటి 1863లో రోటర్‌డామ్‌లో పుట్టిన ఇంటర్నాషియో. అప్పటి డచ్ ఈస్ట్ ఇండీస్, అంటే నేటి ఇండోనేషియా, దాని వ్యాపార క్షేత్రం. నెదర్లాండ్స్ నుంచి బట్టలు, యంత్రాలు అక్కడికి వెళ్లేవి. అక్కణ్నుంచి పంచదార, కాఫీ, రబ్బరు యూరప్‌కు వచ్చేవి. వలస పాలన నీడలో పెరిగిన ఐదు పెద్ద డచ్ వర్తక సంస్థల్లో అదొకటి. రెండోది 1876లో డ్యూసెల్‌డార్ఫ్‌లో మొదలైన డబ్ల్యూఎం హెచ్ ముల్లర్ అండ్ కో. ఇనుప ఖనిజం, ఓడల రవాణా దాని పని. ముల్లర్ అల్లుడు ఆంటన్ క్రొల్లర్ దాన్ని పెంచాడు. ఆ డబ్బుతో ఆయన భార్య హెలెన్ వాన్‌గో చిత్రాలు కొనిపెట్టింది. నెదర్లాండ్స్‌లో ఓటర్లో ఊరి దగ్గర 1938లో తెరిచిన క్రొల్లర్-ముల్లర్ మ్యూజియం అలా వచ్చిందే.

1957 డిసెంబరులో పశ్చిమ న్యూగినీ వివాదం ముదిరి ఇండోనేషియాలో డచ్ ఆస్తుల స్వాధీనం మొదలైంది. తర్వాత వాటిని జాతీయం చేశారు. ఇంటర్నాషియోకు దశాబ్దాల వ్యాపార క్షేత్రం చేజారింది. మిగిలింది పెట్టుబడి, మనుషులు, కొని అమ్మడం తెలిసిన అనుభవం. ఆ పరిస్థితిలోంచి 1970లో రెండు సంస్థలూ కలిసి ఇంటర్నాషియో-ముల్లర్ అయ్యాయి. రేవుల పని, వర్తకం, విద్యుత్, ఇన్‌స్టలేషన్ పనులు, ఇలా ఒకదానితో ఒకటి పొంతనలేని వ్యాపారాలన్నీ ఆ గొడుగు కిందికి చేరాయి. రసాయనాలు అమ్మే చిన్న కంపెనీలు కొన్ని కూడా అందులో ఉన్నాయి. వాటిని 1995లో ఒకచోట చేర్చి ఇంటర్నాషియో-ముల్లర్ కెమికల్ డిస్ట్రిబ్యూషన్ అని పేరు పెట్టారు. పొడి అక్షరాల్లో అదే ఐఎంసీడీ. దాని పగ్గాలు పియెట్ వాన్ డెర్ స్లిక్కేకు అప్పగించారు. ఆయన 2023 చివరి దాకా ఆ కుర్చీలోనే ఉన్నారు. మధ్యలో యజమానులు ఎన్నిసార్లు మారినా మనిషి మారలేదు. ఈ కంపెనీ చరిత్రలో ఇదే అసలైన విశేషమని నా అభిప్రాయం.

ఇక్కడ కాస్త ఆగి, ఈ వ్యాపారం ఎలా సాగుతుందో చెప్పాలి. కాస్టిక్ సోడా, ఆమ్లాలు, సాల్వెంట్లు అమ్మడం వేరు. దానికి ట్యాంకులు, లారీలు, డ్రమ్ములు నింపే యూనిట్లు కావాలి. ధర కిలోకు అర్ధ రూపాయి తగ్గితే కొనేవాడు ఇంకొకరి దగ్గరికి వెళ్లిపోతాడు. జర్మనీకి చెందిన బ్రెన్‌టాగ్ ఈ రంగంలో పెద్దది. స్పెషాలిటీ అంటే కొద్దిగా వాడినా ఉత్పత్తి స్వభావాన్ని మార్చే పదార్థాలు: మాత్రల్లో ఎక్సిపియెంట్లు (అసలు మందుకు తోడుగా కలిపే పదార్థాలు), పెయింట్లలో చిక్కదనాన్ని సరిచేసే రియాలజీ మాడిఫయర్లు, ఐస్‌క్రీములో స్టెబిలైజర్లు, క్రీముల్లో నూనెను, నీటిని విడిపోకుండా ఉంచే ఎమల్సిఫయర్లు. ఐఎంసీడీ మొదట్నుంచీ వీటికే కట్టుబడింది. గోదాములు, రవాణా చాలావరకు బయటివాళ్లకు ఇచ్చేసి, తన డబ్బును టెక్నికల్ సేల్స్ మనుషుల మీద, సరుకును ఎలా వాడాలో చేసి చూసే అప్లికేషన్ ల్యాబుల మీద పెట్టింది.

తయారీదారుడికి పంపిణీదారుడితో అవసరమేమిటి? సెల్యులోజ్ ఎక్సిపియెంట్ చేసే కంపెనీకి ఒక కంటైనర్ సరుకు అమ్మడం లాభం. పాశమైలారంలో నెలకు 200 కిలోలు వాడే యూనిట్‌కు విడిగా అమ్మాలంటే ఆర్డర్ ఖర్చే మిగలదు. పంపిణీదారుడు కంటైనర్ దించుకుని, 20 కిలోల బస్తాలుగా, 25 కిలోల డ్రమ్ములుగా పది మందికి పంచుతాడు, ఉద్దెర ఇస్తాడు, ఫిర్యాదులు తీరుస్తాడు. ఇది పైకి కనిపించే భాగం.

కనిపించని భాగం ఆర్డర్ రాకముందే మొదలవుతుంది. ఒక జెనరిక్ మాత్ర ఫార్ములేషన్ తీసుకోండి. ఆర్ అండ్ డీ వాళ్లు శాంపిల్ అడుగుతారు, అర కిలోనో కిలోనో. గ్రేడు సరిగ్గా చెప్పడమే సేల్స్ మనిషి మొదటి పరీక్ష. మాత్రకు రూపమిచ్చే పొడి అయిన మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్‌లో 101 గ్రేడు రేణువు సగటున 50 మైక్రాన్లు, 102 గ్రేడు 100 మైక్రాన్లు. పొడిని తడిపి గుళికలుగా చేసే వెట్ గ్రాన్యులేషన్‌కు 101 చాలు. పొడిని నేరుగా నొక్కే పద్ధతిలో 102 బదులు 101 వేస్తే పొడి సరిగా జారదు, డైలో, అంటే మాత్ర అచ్చులో, ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ పడి మాత్రల బరువు తేడా వస్తుంది. మందు తేమకు పాడయ్యేదైతే ఆ రెండూ పనికిరావు. వాటిలో 5 శాతం దాకా తేమ ఉండవచ్చు, 1.5 శాతానికి మించని 112 గ్రేడు ఇవ్వాలి. మందు అణువులో ప్రైమరీ అమైన్ అనే నైట్రోజన్ భాగం ఉంటే లాక్టోజ్ (పాల చక్కెర) వద్దని ముందే చెప్పాలి, లేకపోతే స్టెబిలిటీ (నిల్వ) పరీక్షలో మాత్ర గోధుమరంగుకు తిరుగుతుంది. పొడి యంత్రానికి అంటుకోకుండా వేసే మెగ్నీషియం స్టియరేట్ సాధారణంగా 0.25 నుంచి 1 శాతం. చివర్లో వేసి కొద్ది నిమిషాలే కలపాలి. ఎక్కువసేపు కలిపితే రేణువుల చుట్టూ నీరంటని పొర ఏర్పడి డిసల్యూషన్, అంటే మందు కరిగే వేగం, మందగిస్తుంది, మాత్ర గట్టిదనమూ తగ్గుతుంది. ల్యాబులో బాగా వచ్చిన బ్యాచ్ పెద్ద బ్లెండర్‌లో చెడిపోయిందంటే ముందుగా అడగాల్సింది ఈ సమయం గురించే.

శాంపిల్ కుదిరాక ఎగ్జిబిట్ బ్యాచ్‌లు, అంటే అనుమతి దరఖాస్తుకు ఆధారంగా చేసే బ్యాచ్‌లు. అమెరికాకు దరఖాస్తు చేసే మాత్రలైతే కనీసం లక్ష, లేదా వాణిజ్య బ్యాచ్‌లో పదో వంతు, ఏది ఎక్కువైతే అది. ఆపైన 40 డిగ్రీలు, 75 శాతం తేమ దగ్గర 6 నెలల స్టెబిలిటీ. తర్వాత దరఖాస్తు, అనుమతి. అంటే శాంపిల్ ఇచ్చిన రోజుకూ మొదటి పెద్ద ఆర్డర్‌కూ మధ్య కొన్నేళ్లు గడుస్తాయి. ఆ కాలమంతా పంపిణీదారుడి సంపాదన సున్నా. ఒకసారి దరఖాస్తులో ఆ గ్రేడు, ఆ తయారీదారు పేరు ఎక్కాక మాత్రం మార్చడం కష్టం. కొత్త సరుకుతో డిసల్యూషన్ పోల్చి చూపాలి, మార్పు పెద్దదైతే ముందస్తు అనుమతి కావాలి. ఈ జిగురే స్పెషాలిటీ పంపిణీకి మార్జిన్ ఇస్తుంది. 2022లో ఐఎంసీడీ అమ్మకాలు సుమారు 460 కోట్ల యూరోలు, స్థూల లాభం సుమారు 115 కోట్లు, అంటే దాదాపు 25 శాతం. స్థూల లాభంలో ఖర్చులు పోను నిర్వహణ లాభంగా మిగిలింది దాదాపు సగం. దీన్నే కన్వర్షన్ మార్జిన్ అంటారు. పంపిణీ కంపెనీని అంచనా వేయడానికి అమ్మకాల అంకె కంటే ఇదే నమ్మదగింది. ముడి సరుకు ధరలు పెరిగినప్పుడు అమ్మకాలు ఊరికే ఉబ్బుతాయి కానీ ఈ నిష్పత్తి అబద్ధమాడదు.

ఇంటర్నాషియో-ముల్లర్ యాజమాన్యం ఇదంతా వదులుకుంది. 2001లో విద్యుత్, ఇన్‌స్టలేషన్ వంటి సాంకేతిక సేవల మీదే దృష్టి పెట్టాలని నిశ్చయించి, ఐఎంసీడీని దాని మేనేజ్‌మెంట్‌కు, ఆల్ప్‌ఇన్వెస్ట్ అనే పెట్టుబడి సంస్థకు అమ్మేసి, తన పేరును ఇమ్‌టెక్‌గా మార్చుకుంది. అక్కణ్నుంచి ఇమ్‌టెక్ కూడా కొనుగోళ్ల మీద కొనుగోళ్లతో పెరిగింది. కానీ అది చేసేది ప్రాజెక్టులు. ధర ముందే ఖాయం, పని ఏళ్ల తరబడి, ఆదాయాన్ని పని ఎంత శాతం అయిందన్న అంచనా మీద లెక్కల్లో రాసుకుంటారు. ఆ అంచనా తప్పయినా, ఎవరైనా కావాలని వంచినా, నగదు రాకుండానే లాభం కాగితం మీద కనిపిస్తూ ఉంటుంది. పోలండ్ రాజధాని వార్సా దగ్గర ఒక థీమ్ పార్కు కోసం 60 కోట్ల యూరోలకు పైబడిన ఆర్డర్లు వచ్చాయని 2012లో గొప్పగా చెప్పుకుంది. 2013 ఫిబ్రవరిలో ఆ పార్కు డబ్బు వచ్చే దారి లేదని బయటపడింది. తర్వాత జర్మనీ విభాగం లెక్కల్లోనూ లొసుగులు తేలాయి. వాటాదారుల దగ్గర 2013లో 50 కోట్లు, 2014లో మరో 60 కోట్ల యూరోలు సేకరించినా ఆ గొయ్యి పూడలేదు.

ఒకే ఇంట్లో పుట్టిన రెండు వ్యాపారాల తేడా ఇక్కడే ఉంది. ఐఎంసీడీ బాకీలు వేలాది చిన్న ఇన్‌వాయిస్‌లుగా చెదిరి ఉంటాయి. ఒకరిద్దరు ఎగ్గొట్టినా కంపెనీ కూలదు. సరుకు అమ్ముడుపోకపోతే గోదాములో కళ్లకు కనిపిస్తుంది. ఇమ్‌టెక్ ఒక పార్కు, ఒక విమానాశ్రయం వంటి పెద్ద పెద్ద పందేల మీద నిలబడింది.

ఐఎంసీడీ యజమానులు మాత్రం మారుతూ వచ్చారు: 2005లో ఏబీఎన్ ఆమ్రో క్యాపిటల్, 2011లో బెయిన్ క్యాపిటల్. బెయిన్‌కు ఈ రంగం కొత్త కాదు, 2004 నుంచి 2006 దాకా బ్రెన్‌టాగ్ దాని చేతిలోనే ఉంది. 2014 జూన్‌లో షేరు 21 యూరోలకు పబ్లిక్ ఇష్యూ జరిగింది. 2015లో ఓహాయోకు చెందిన ఎంఎఫ్ కషాట్‌ను కొని అమెరికాలో అడుగుపెట్టింది. ఇన్ని కొనుగోళ్లకు కారణం తయారీదారులే. ఒక్కో దేశానికి ఒక్కో ఏజెంటుతో వేగడం కంటే ఖండానికి ఒకరే ఉంటే మేలని వాళ్లు కోరుకుంటారు. ఆ స్థాయికి ఎదగని పంపిణీదారు చేతిలో ఉన్న ఏజెన్సీని కూడా పోగొట్టుకుంటాడు.

మన దేశానికి సంబంధించి పెద్ద అడుగు 2020 నవంబరు నాటిది. ఎక్సిపియెంట్ల పంపిణీలో పేరున్న ముంబై కంపెనీ సిగ్నెట్‌లో 70 శాతం వాటాను ఐఎంసీడీ తీసుకుంది. జడ్చర్ల, జీడిమెట్ల, పరవాడ వంటి చోట్ల మాత్రలు చేసే యూనిట్లకు ఇది దూరపు వార్త కాదు. పంపిణీదారుడి యాజమాన్యం మారితే కొనేవాళ్లు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది ఆథరైజేషన్ లెటర్, అంటే తన సరుకు అమ్మే అధికారం ఇతనికి ఉందని తయారీదారు ఇచ్చే పత్రం. తయారీదారుతో ఒప్పందాల్లో చాలావాటికి యాజమాన్యం మారితే రద్దు చేసుకునే షరతు ఉంటుంది. అందుకే కొత్త తేదీతో లెటర్‌ను నేరుగా తయారీదారు దగ్గర్నుంచే తెప్పించుకోవాలి. అప్రూవ్డ్ వెండర్ లిస్టులో కంపెనీ పేరు, గోదాము చిరునామా మారాయేమో చూసి, మారితే చేంజ్ కంట్రోల్ (మార్పును నమోదు చేసి సమీక్షించే ప్రక్రియ) తెరవాలి. చిరునామా మారిందంటే నిల్వ పరిస్థితులూ మారి ఉండవచ్చు కనుక ఆడిట్ మళ్లీ చేయాలి. క్వాలిటీ అగ్రిమెంట్‌లో రీప్యాకింగ్ ఎవరు, ఎక్కడ చేస్తారో రాసి ఉండాలి. సీల్ తీయని డ్రమ్ము ఇవ్వగలిగితే అదే అడగండి.

సర్టిఫికెట్ ఆఫ్ అనాలిసిస్, అంటే బ్యాచ్ పరీక్ష ఫలితాల పత్రం, విషయంలో మొహమాటం అసలు పనికిరాదు. 1996లో హైతీలో, 2006లో పనామాలో గ్లిజరిన్ పేరుతో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం సిరప్‌లలోకి చేరింది. హైతీలోనే 80 మందికి పైగా పిల్లలు చనిపోయారు. పనామాకు వెళ్లిన సరుకు చైనా నుంచి స్పెయిన్ మీదుగా చేతులు మారింది. దారిలో సర్టిఫికెట్ మీద అసలు తయారీదారు పేరు పోయింది, మధ్యలో ఎవరూ డ్రమ్ము తెరిచి పరీక్షించలేదు. కాబట్టి పంపిణీదారు లెటర్‌హెడ్ మీద మళ్లీ టైపు చేసిన సర్టిఫికెట్ ఎంత పెద్ద కంపెనీ ఇచ్చినా తీసుకోకండి. తయారీదారు అసలు సర్టిఫికెట్‌లోని బ్యాచ్ నంబరు డ్రమ్ము లేబుల్‌తో కలవాలి. గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్, సార్బిటాల్ ద్రావణం వస్తే ప్రతి డ్రమ్ము నుంచీ నమూనా తీసి డైఇథిలీన్ గ్లైకాల్, ఇథిలీన్ గ్లైకాల్ ఒక్కొక్కటీ 0.10 శాతానికి మించలేదని మీ ల్యాబులోనే తేల్చుకున్నాక లోపలికి తీసుకోండి.