మా ఊరి స్టేషన్‌కు స్టాప్ తెచ్చుకున్నాం

కరోనా తర్వాత రైళ్లన్నీ మళ్లీ నడిచాయి గానీ, పొద్దున వరంగల్ వెళ్లే ఎక్స్‌ప్రెస్ మా ఊళ్లో ఆగడం మానేసింది. డోర్నకల్, వరంగల్ మధ్య చిన్న స్టేషన్ మాది. నిజాం కాలంలో వేసిన లైను, 1889 నాటికి బెజవాడ దాకా పూర్తయింది. మా తాతల నాటి నుంచీ మాకు పట్నం దారంటే రైలే. ఎంజీఎం ఆసుపత్రికి పోయే ముసలివాళ్లు, హన్మకొండ కాలేజీల పిల్లలు, ఏనుమాముల మార్కెట్‌కు పోయే మిర్చి రైతులు, అందరికీ ఆ బండే ఆధారం.

ఊరంతా సంతకాలు పెట్టి వినతిపత్రం ఇచ్చాం. ఎంపీ గారి సిఫారసు లేఖా జతచేశాం. స్టాప్ విషయం డివిజన్‌లో తేలదు, రైల్వే బోర్డు దాకా పోవాలి. నెలలు గడిచినా "పరిశీలనలో ఉంది" అన్న మాటే.

అప్పుడు పది రూపాయల పోస్టల్ ఆర్డర్‌తో సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. ఇందులో ఒక కిటుకు ఉంది. "స్టాప్ ఎందుకు తీసేశారు?" అని అడిగితే జవాబు దాటేయడం తేలిక, ఎందుకంటే వాళ్లు ఇవ్వాల్సింది రికార్డుల్లో ఉన్నదే. అందుకే మా కౌంటర్‌లో నెలనెలా అమ్మిన టికెట్లు, వచ్చిన ఆదాయం, స్టాప్ ఎత్తేసిన ఉత్తర్వు నకలు అడిగాను. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రాకపోతే మొదటి అప్పీలుకు ఫీజు కూడా ఉండదు.

జవాబు చూసి కడుపు తరుక్కుపోయింది. ప్లాట్‌ఫాం నిండా జనం ఉండే ఊళ్లో టికెట్లు అంత తక్కువా! పిల్లలంతా సీజన్ పాసులు వరంగల్‌లో తీసుకుంటున్నారు. ఆ డబ్బు అక్కడి లెక్కలోకి పోతోంది. కొందరైతే అసలు టికెట్టే కొనడం లేదు. ఇదే లైనులోని నెక్కొండలో స్టాప్ నిలుపుకోవడానికి ఊరివాళ్లు చందాలు వేసుకుని మరీ టికెట్లు కొంటున్నారని పేపర్లో చదివాం. వాళ్ల పట్టుదలకు దండం పెట్టాలి. మేం మాత్రం ప్రయాణం చేసే ప్రతి ఒక్కరూ ఇక్కడే కొనాలని గట్టిగా అనుకున్నాం.

ఇల్లిల్లూ తిరిగి చెప్పాం. పాసులు మా కౌంటర్‌కు మార్పించాం. యాప్‌లో తీసుకునేవాళ్లను బయలుదేరే స్టేషన్‌గా మన ఊరి పేరే పెట్టమన్నాం. ఒకరోజు పాసింజర్ వచ్చే వేళకు ఒక అవ్వ కొంగుముడి విప్పి, మడతలు పడ్డ నోటు కిటికీలోకి చాపి, "మన ఊరి టికెట్టే ఇయ్యి బిడ్డా, మన లెక్కల పడాలె" అంది. నాకు గొంతు పూడుకుపోయింది.

పెరిగిన అమ్మకాల లెక్కతో మళ్లీ వినతి ఇచ్చాం. చివరికి ప్రయోగాత్మకంగా ఆరు నెలలు ఆపుతామని ఉత్తర్వు వచ్చింది. ఆదాయం సరిపోకపోతే మళ్లీ తీసేయొచ్చు, కాబట్టి కౌంటర్ దగ్గర మా తిరుగుడు ఆగలేదు. సాయంత్రం తిరుగు బండికి ఇంకా స్టాప్ లేదు. దానికీ దరఖాస్తు పెట్టాం.