జింకు ప్లేటు మీద ఆక్వాటింట్: నా అనుభవం

మొత్తానికి నిన్న ప్రింటు తీశాను. గోళ్ల సందుల్లో సిరా ఇంకా పోలేదు.

చిత్రకారుడు లక్ష్మాగౌడ్ ఎచింగ్‌లు (లోహపు ప్లేటు మీద గీతల్ని యాసిడ్‌తో తినిపించి తీసే ప్రింట్లు) చూసి అందరూ ఆయన గీతనే పొగుడుతారు. మనిషి వెనకా మేక వెనకా పరుచుకున్న బూడిదరంగు సంగతి ఎవరూ ఎత్తరు. అది సూదితో రాదు, ప్లేటు మీద పొడి చల్లి యాసిడ్‌తో టోన్ తెచ్చే ఆక్వాటింట్‌తోనే వస్తుంది.

గీత పని సులువే. ఒకటిన్నర మిల్లీమీటర్ల జింకు ప్లేటు అంచులు ఆకురాయితో ఏటవాలుగా అరగదీసి, 400 నుంచి 1200 దాకా వాటర్ పేపరు పట్టి, సుద్దపొడితో జిడ్డు తీసి, గ్రౌండు (యాసిడ్‌ని ఆపే పూత) పూసి సూదితో గీయడమే. వెనక వైపు వార్నిష్ వేయాలి. ఒక వంతు నైట్రిక్ యాసిడ్‌కి పది వంతుల నీళ్లు. నీళ్లలోకే యాసిడ్ పోయాలి.

ఏడిపించింది రోజిన్, అంటే ఆక్వాటింట్‌కి చల్లే చెట్టు బంక పొడి. దాని రేణువుల సందుల్లోనే యాసిడ్ తింటుంది. అందులోనూ వానాకాలం. పెట్టెలో పొడి లేపి, పెద్ద రేణువులు దిగడానికి అర నిమిషం ఆగి ప్లేటు లోపల పెట్టాలి. తేమకి పొడి ఉండకట్టి మచ్చలు మచ్చలుగా పడింది. షాపతను ‘ఫైన్ పౌడర్ సార్’ అంటూ అంటగట్టింది ఇసకలా ఉంది. అడిగితే, అందరూ ఇదే పట్టుకెళ్తారట! పొడి కొనకండి, గడ్డలు కొని నూరి పలచటి గుడ్డలో జల్లించుకోండి. డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు పడేయండి. మాస్కు తప్పదు. మంట దగ్గర పెట్టె దులిపితే పొడి భగ్గుమంటుంది.

భూతద్దంలో చూస్తే ప్లేటు సగం కప్పుకుని ఉండాలి. తర్వాత కింది నుంచి మంట కదుపుతూ వేడి చేయాలి. తెల్లపొడి పారదర్శకంగా మెరవగానే తీసేయాలి. ఆలస్యమైతే రేణువులు కలిసిపోయి పొరకడతాయి, యాసిడ్‌కి దారుండదు, అక్కడ ప్రింటులో తెలుపే. వేడి చాలకపోతే పొడి యాసిడ్‌లో లేచిపోయి, ఆ చోటంతా నున్నగా తినేసి సిరా నిలవదు.

టోన్‌కి యాసిడ్ ఒకటికి పదిహేను. తెలుపు కావలసిన చోట ముందే వార్నిష్. పది సెకన్లు ముంచి, కడిగి, ఆరబెట్టి, లేత టోన్ వార్నిష్‌తో మూసి మళ్లీ ఇరవై, నలభై, ఎనభై. వీడియోల్లో చెప్పే సెకన్లు నమ్మకండి, వాళ్ల చలిగదీ మన ఉక్కపోతా ఒకటి కాదు. వేడికి యాసిడ్ తొందరగా తింటుంది, వాడినకొద్దీ నీరసిస్తుంది. జింకు ముక్క మీద రోజూ పరీక్ష చేసుకోవాల్సిందే.

రోజిన్ స్పిరిట్‌తో, గ్రౌండు కిరోసిన్‌తో పోతాయి. కాగితం 300 జీఎస్ఎంది, నానబెట్టి బ్లాటింగ్‌తో అద్దాలి.

రాగి మీద ఫెరిక్ క్లోరైడ్‌తో చేస్తే పొగ ఉండదు కదా అని సలహా ఇచ్చేవాళ్లు రాగి రేకు డబ్బులు కూడా పంపిస్తే సంతోషం.